టెన్షన్ 28కి పెంచాక క్లియర్ వెనక్కి చేరడం లేదు, మోచేయి నొప్పి: అలవాటు పడాలా, రాకెట్ మార్చాలా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఏడాదిన్నరగా బ్యాడ్మింటన్ ఆడుతున్నారు, వారానికి నాలుగు రోజులు, ఎక్కువగా డబుల్స్. రాకెట్ కొన్నప్పుడు వేయించిన 24 పౌండ్ల గట్టింగ్‌తోనే, అంటే లాగి కట్టిన ఆ స్ట్రింగులతోనే, ఎనిమిది నెలలు ఆడారు. షటిల్‌లో ఊపు తగ్గిందనిపించి, మీకంటే బాగా ఆడే స్నేహితుడి మాట మీద 28 వేయించారు. ఇప్పుడు స్మాష్ శబ్దం అదిరిపోతోంది. కానీ రెండో గేమ్‌కి వచ్చేసరికి క్లియర్లు, అంటే అవతలి కోర్టు చివరిదాకా ఎత్తి కొట్టే షాట్లు, మధ్యలోనే పడిపోతున్నాయి. మూడు వారాలుగా మోచేయి బయటివైపు నొప్పి. ఇంకొన్నాళ్లు ఆడితే చెయ్యి అలవాటు పడుతుందా, లేక ఇంకా పవర్ ఉన్న రాకెట్ కొనాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. ఆ గట్టింగ్ తీయించి కొత్తగా 24 వేయించండి. నొప్పి తగ్గేదాకా ఆట ఆపండి. ఇరవై ఏళ్లకు పైగా ఆడుతున్నాను. పన్నెండేళ్లుగా నా రాకెట్లకూ, నాతో ఆడేవాళ్ల రాకెట్లకూ నేనే గట్టింగ్ చేస్తున్నాను. ఇదే స్థితిలో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను, నేనూ ఒకసారి ఇక్కడే ఇరుక్కున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి. గట్టింగ్ చేసేటప్పుడు మెషిన్ ఒక్కో స్ట్రింగును ఎంత బలంతో లాగి పట్టిందో చెప్పేదే టెన్షన్. 24 పౌండ్లంటే సుమారు 10.9 కిలోలు, 28 అంటే 12.7 కిలోలు. వినడానికి నాలుగు అంకెల తేడానే. కానీ మామూలుగా రాకెట్లో నిలువు స్ట్రింగులే 22 ఉంటాయి. వాటన్నిటి లాగుడూ కలిపితే 24 దగ్గర 240 కిలోలు, 28 దగ్గర 280 కిలోలు. తొంభై గ్రాములు కూడా తూగని ఫ్రేమ్ మీద నలభై కిలోలు అదనంగా పడ్డాయి. ఇంకోలా చెప్పాలంటే మీ స్ట్రింగుల అల్లిక ఒక్కసారిగా ఆరోవంతు బిగుసుకుంది. అది చేతికి తెలియకుండా ఉండదు.

ఇక పవర్. బిగుతు పెరిగితే పవర్ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది దాదాపు దానికి ఎదురు. నులక మంచం గుర్తు తెచ్చుకోండి. కాస్త వదులుగా ఉన్న మంచం మీద పిల్లవాడు గెంతితే నులక లోపలికి దిగి, వాణ్ని పైకి విసురుతుంది. బాగా బిగించిన మంచం మీద గెంతితే కాళ్లకు దెబ్బ తగులుతుంది తప్ప అంత పైకి లేవడు. రాకెట్లోనూ అంతే. షటిల్ తగిలినప్పుడు స్ట్రింగులు లోపలికి దిగుతాయి, దిగినప్పుడు దాచుకున్న శక్తిని వెనక్కి వచ్చేటప్పుడు షటిల్‌కి ఇస్తాయి. నైలాన్ స్ట్రింగ్ తాను తీసుకున్న దానిలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. అల్లిక మరీ బిగుతుగా ఉంటే స్ట్రింగులు తక్కువ దిగుతాయి. అప్పుడు మీ దెబ్బలో ఎక్కువ భాగం షటిల్ అడుగున ఉన్న కార్క్ నొక్కుకోవడానికీ, ఫ్రేమ్ అదరడానికీ పోతుంది. అలా పోయింది షటిల్‌కి తిరిగి రాదు. కొంత మీ చేతిలోకి వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అయితే ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి. కాళ్లు కుదురుకుని, షటిల్ ఒంటికి ముందు ఉండగా, నిండుగా ఊపి, స్ట్రింగుల నడిమధ్యలో తగిలిన దెబ్బకు 24కీ 28కీ మధ్య వేగంలో పెద్ద తేడా ఉండదు. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములే. అంత తేలికైన దానికి వేగం వచ్చేది ముఖ్యంగా రాకెట్ తల ఎంత వేగంగా తిరిగిందన్న దాన్ని బట్టి. 2023లో సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్ గిన్నిస్ రికార్డయింది. ఆ వేగం భుజం, ముంజేయి, మణికట్టు ఒకదాని వెనక ఒకటి తిరగడం వల్ల వచ్చింది. ఏ స్ట్రింగూ ఆ వేగాన్ని అదనంగా కలపలేదు. బలమైన ఆటగాడికి పవర్ తన చేతిలోనే ఉంది. అతను బిగుతును కోరేది ఆ పవర్ దారి తప్పకుండా ఉండటానికి. మీ స్నేహితుడు 28తో బాగా ఆడుతున్నాడంటే కారణం అదే. ఆయన సలహా తప్పుడు ఉద్దేశంతో ఇచ్చింది కాదు. అది ఆయన చేతికి సరిపోయే సలహా, అంతే.

తేడా కనిపించేది నిండుగా ఊపలేని షాట్లలో. వెనక మూలకు ఆలస్యంగా చేరారు, షటిల్ అప్పటికే తల దాటిపోయింది, మణికట్టుతో మాత్రమే కొట్టాలి. లేదా బ్యాక్‌హ్యాండ్ వైపు చిక్కుకున్నారు. లేదా ఒళ్లంతా అలసిపోయింది. అప్పుడు ఊపు సగమే. ఆ సగం ఊపుకు 24 దగ్గర స్ట్రింగులు కాస్త సాయం చేస్తాయి, 28 దగ్గర చేయవు. దీనికి తోడు బిగుతు పెరిగేకొద్దీ స్వీట్ స్పాట్, అంటే షటిల్ బాగా ఎగిరే నడిమి భాగం, చిన్నదవుతుంది. మధ్య నుంచి రెండు వేళ్లు పక్కకు తగిలినా షటిల్ ప్రాణం పోయినట్టు పడిపోతుంది. మొదటి గేమ్‌లో నడిమధ్యన కొట్టగలిగే చెయ్యి, రెండో గేమ్‌లో కాళ్లు ఒక అడుగు వెనకబడగానే పక్కకు కొడుతుంది. మీ క్లియర్లు రెండో గేమ్‌లోనే చిన్నవవుతున్నాయని రాశారు చూడండి, నాకు అసలు విషయం ఆ వాక్యంలోనే దొరికింది.

అందుకే నన్ను ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. టెన్షన్‌ని మీ మంచి స్మాష్‌ని చూసి ఎంచుకోకండి. ఆలస్యంగా, అలసిపోయి, మూల నుంచి కొట్టే క్లియర్‌ని చూసి ఎంచుకోండి. మంచి షాట్ ఏ టెన్షన్‌తోనైనా మంచిగానే వెళ్తుంది.

కంట్రోల్ దగ్గర బిగుతు వైపు నిజం ఉంది, దాన్ని కాదనను. వదులు అల్లికలో షటిల్ లోతుగా దిగుతుంది, ఒక రవ్వంత ఎక్కువసేపు ఉంటుంది. ఆ రవ్వంతలో రాకెట్ ముఖం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మీరు అనుకున్న దిశకూ, షటిల్ వెళ్లిన దిశకూ కాస్త తేడా వస్తుంది. పక్కన తగిలితే ఆ గుంట వంకరగా పడుతుంది, షటిల్ ఆ వంకర వైపు పోతుంది. బిగుతు అల్లికలో షటిల్ తగిలిన వెంటనే వెళ్లిపోతుంది, ముఖం ఎటు ఉందో అటే వెళ్తుంది. వేగంగా ఊపేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. నెట్ దగ్గర కూడా బిగుతు అల్లిక మెత్తగా తాకితే ఎక్కువ ఎగరనివ్వదు, షటిల్ నెట్ పైఅంచు టేపును రాసుకుంటూ దిగుతుంది. మీరు 28 వేయించాక నెట్ షాట్లు బాగుపడ్డాయనిపించి ఉంటే అది భ్రమ కాదు.

కానీ కంట్రోల్ అంటే దిశ మాత్రమే కాదు, దూరం కూడా. ఎంత దూరం పడాలో అంతే పడటం. చెయ్యి చేయగలిగిన దానికంటే బిగుతుగా వేయించుకున్నవాళ్లు, షటిల్ వెనక్కి చేరడం కోసం ప్రతి క్లియర్‌నీ బలవంతంగా కొడతారు. భుజం బిగుస్తుంది, గ్రిప్ నలిపేస్తారు, దెబ్బ ముందే మొదలుపెడతారు. బలవంతం చేసిన దెబ్బకు దిశ ఉండదు. కంట్రోల్ కోసం పెంచిన టెన్షన్ వల్లే కంట్రోల్ పోవడం నేను చూసినంతలో చాలా మామూలు విషయం. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ చెయ్యి బిగుసుకోవడం ఇట్టే కనిపిస్తుంది, ఆడేవాళ్లకు మాత్రం తెలియదు.

ఇప్పుడు మీ ఎనిమిది నెలల గట్టింగ్ గురించి. మీ కథలో అసలు పొరపాటు 28 వేయించడం కంటే ముందే జరిగిందని నా అభిప్రాయం. నైలాన్ స్ట్రింగును లాగి కట్టేస్తే అది కట్టిన క్షణం నుంచే సాగుతూ పోతుంది. మొదటి రోజులోనే సుమారు పదోవంతు టెన్షన్ పోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా పోతూ ఉంటుంది, ఆడినా ఆడకపోయినా. 24 వేయించుకున్న రాకెట్ మర్నాటికి 22కి కాస్త దగ్గరగా ఉంటుంది. ఇది తప్పేమీ కాదు, అందరి రాకెట్లకూ జరిగేదే. సమస్య ఏమిటంటే వారానికి నాలుగు రోజుల చొప్పున ఎనిమిది నెలలు దెబ్బలు తిన్న స్ట్రింగ్ టెన్షన్‌తోపాటు సాగి తిరిగి వచ్చే గుణాన్ని కూడా పోగొట్టుకుంటుంది. పాత రబ్బరు బ్యాండులాగా సాగుతుంది కానీ వెనక్కి విసరదు. అడ్డ స్ట్రింగులు నిలువు స్ట్రింగుల మీద రాసుకుని గాట్లు పడతాయి, అవి జారడం మానేస్తాయి.

కాబట్టి కొత్తగా 21 వేయించిన గట్టింగూ, 24 వేయించి అరిగి 21కి దిగిన గట్టింగూ ఒకటి కావు. మొదటిది చురుగ్గా ఉంటుంది, రెండోది చచ్చుబడి ఉంటుంది. చాలామంది ఈ రెండో దాన్ని చూసి, టెన్షన్ తగ్గింది కాబట్టి పవర్ పోయింది, అంటే టెన్షన్ పెంచితే పవర్ వస్తుందని లెక్క వేసుకుంటారు. మీరు కూడా చచ్చిన 24ని కొత్త 28తో పోల్చారు. మొదటి రోజు మీకు నచ్చింది 28 కాదు, కొత్తదనం. అప్పుడే కొత్తగా 24 వేయించి ఉంటే ఆ ఊపు, ఆ శబ్దం చాలావరకు వచ్చేవి, మోచేయి నొప్పి వచ్చేది కాదనే అనుకుంటున్నాను.

గట్టింగ్ ఎప్పుడు చచ్చిందో తెలుసుకోవడానికి చెవి చాలు. కొత్తగా వేయించిన మర్నాడు స్ట్రింగుల మధ్యలో ఇంకో రాకెట్ ఫ్రేమ్‌తో మెల్లగా తట్టి ఆ స్వరాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. నెలకొకసారి మళ్లీ తట్టి పోల్చండి. టెన్షన్ పదోవంతు తగ్గితే స్వరం ఇరవయ్యోవంతు మాత్రమే దిగుతుంది, ఎందుకంటే స్వరం టెన్షన్ వర్గమూలంతో మారుతుంది. హార్మోనియం తెలిసినవాళ్లకు ఇంకా తేలిక: నల్ల మెట్లతో కలిపి లెక్కిస్తే ఒక్క మెట్టు దిగిందంటే టెన్షన్ సుమారు 11 శాతం పోయినట్టు. ఆ మర్నాటి స్వరం నుంచి ఒక మెట్టు దిగిందంటే నేను మార్చేస్తాను, తెగినా తెగకపోయినా. స్వరం నుంచి పౌండ్లు లెక్కగట్టే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. అవి చెప్పే అంకెను వేరేవాళ్ల రాకెట్‌తో పోల్చకండి, ఒకే రాకెట్ నిన్నటికీ నేటికీ పోల్చుకోవడానికి పనికొస్తాయి. ఇదంతా ఎందుకనుకుంటే, వారానికి నాలుగు రోజులు ఆడేవాళ్లు రెండు మూడు నెలలకొకసారి మార్చేస్తే సరిపోతుంది.

మోచేయి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బయటివైపు ఎముక దగ్గర నొప్పి, గ్రిప్ గట్టిగా పట్టుకున్నప్పుడూ, కప్పు ఎత్తినప్పుడూ, తలుపు గుబ్బ తిప్పినప్పుడూ ఎక్కువవుతోందంటే అది టెన్నిస్ ఎల్బో అనే రకం కావచ్చు. మణికట్టును వెనక్కి లేపే కండరాల స్నాయువు ఎముకకు అతుక్కునే చోట వచ్చే బాధ అది. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకూ వస్తుంది. బిగుతు అల్లిక మీద షటిల్ తక్కువసేపట్లో ఆగి తిరుగుతుంది కాబట్టి ఆ అదురు పదునుగా ఉంటుంది, అది షాఫ్ట్ (రాకెట్ కాడ) గుండా, గ్రిప్ గుండా ముంజేతిలోకి వస్తుంది. మధ్యన తగిలితే తక్కువ, పక్కన తగిలితే బాగా ఎక్కువ. ఒక్క దెబ్బతో ఏమీ కాదు. ఒక సాయంత్రంలో మీరు కొన్ని వందల దెబ్బలు కొడతారు.

నేను దాదాపు పదేళ్ల కిందట 26 నుంచి 29కి వెళ్లాను. నాకు శిక్షణ ఇస్తున్న ఒకాయన ఈ స్థాయిలో ఆడాలంటే 29 ఉండాలన్నారు, నేను ఆలోచించకుండా వేయించాను. రెండో నెలలో సీసా మూత తిప్పలేకపోయాను. అలవాటవుతుందనుకుని ఇంకో నెల ఆడాను. ఆ ఒక్క నెల వల్ల నాలుగు నెలలు కోర్టు ముఖం చూడలేదు. మీరు మూడు వారాల దగ్గరే అడిగారు, అది చాలా మంచి పని. కండరం బలానికి అలవాటు పడుతుంది, నొప్పికి అలవాటు పడదు. రెండు వారాల విశ్రాంతితో తగ్గకపోతే ఫిజియోథెరపిస్టునో, ఎముకల డాక్టర్నో కలవండి. నొప్పి మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడటం మాత్రం చేయకండి.

టెన్షన్ ఒక్కటే కారణమని కూడా అనుకోవద్దు. గ్రిప్ అరిగిపోయి పలచబడి ఉంటే రాకెట్ జారకుండా ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అదే ముంజేతిని ఎక్కువ పీడిస్తుంది. కొత్త ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద చుట్టే పలచటి పట్టీ) చుట్టండి. షటిల్ తగిలే క్షణంలో తప్ప మిగతా సమయమంతా వేళ్లు వదులుగా ఉండాలి. ఇంకా పవర్ ఉన్న రాకెట్ అని మీరు అనుకుంటున్నది బహుశా తల బరువుగా, షాఫ్ట్ బిర్రుగా ఉన్నదై ఉంటుంది. ఇప్పుడున్న స్థితిలో ఆ రెండూ మోచేతికి ఇంకా భారమే.

ఇప్పుడు ఏం వేయించాలో. మీలా క్రమంగా ఆడే, కానీ చిన్నప్పటి నుంచి శిక్షణ లేనివాళ్లకు 22 నుంచి 25 దాకా సరైన పరిధి అని నా అనుభవం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 20, 21 చాలు. ఊపు బాగా కుదిరి, వెనక మూలల నుంచి తేలిగ్గా కొట్టగలిగేవాళ్లకు 26, 27. 28, ఆ పైన అన్నది రోజూ గంటలకొద్దీ సాధన చేసేవాళ్లది. పోటీల్లో ఆడే పెద్ద ఆటగాళ్లు 30 కూడా దాటిస్తారు, నిజమే. వాళ్ల సంచిలో ఆరేడు రాకెట్లు ఉంటాయి, పక్కన గట్టింగ్ చేసే మనిషి ఉంటాడు, తరచూ కొత్త స్ట్రింగులతో ఆడతారు. వాళ్ల అంకె మనకు కొలమానం కాదు.

శబ్దం మీకు నచ్చిందని రాశారు. అది న్యాయమే, మంచి శబ్దం వినిపిస్తే ఆడే ఉత్సాహమూ వస్తుంది. కానీ దాని కోసం టెన్షన్ పెంచనక్కర్లేదు, సన్నటి స్ట్రింగ్ వేయించండి. ఉదాహరణకు యోనెక్స్‌లో బీజీ65 మందం 0.70 మి.మీ., బీజీ80 0.68, బీజీ66 అల్టిమాక్స్ 0.65, ఎక్స్‌బోల్ట్ 63 దాని పేరులో ఉన్నట్టే 0.63. సన్నబడేకొద్దీ షటిల్ చురుగ్గా ఎగురుతుంది, శబ్దం టంగుమంటుంది, తొందరగా తెగుతుంది కూడా. 24లో వేసిన 0.65 స్ట్రింగ్ మీ 28 శబ్దానికి బాగా దగ్గరగా వస్తుంది. కానీ పక్కన తగలడం ఎక్కువగా ఉన్నవాళ్లకు మరీ సన్నవి వద్దు, ఫ్రేమ్ అంచు దగ్గర పుటుక్కున తెగిపోతాయి. ప్రస్తుతానికి మీకు 0.68 మధ్యేమార్గం.

గట్టింగ్ చేసే మనిషిని మార్చకండి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది. లాగిన తర్వాత కూడా స్ట్రింగ్ సాగినకొద్దీ అదే బలంతో పట్టి ఉంచే మెషిన్లు ఉన్నాయి, ఎలక్ట్రానిక్‌వి, బరువు వేలాడేసేవి ఈ రకం. ఒకసారి ఆ అంకె చేరగానే బిగుసుకుని ఆగిపోయే చేతి తిప్పుడు మెషిన్లూ ఉన్నాయి. రెండింటి మీదా 24 పెడితే మొదటి దానిలో అసలు బిగుతు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువగా వస్తుంది. చేతి నైపుణ్యం వల్ల వచ్చే తేడా ఇంకా ఉంటుంది. అందుకే మీ 24, ఇంకొకరి 24 ఒకటి కాకపోవచ్చు. ఒకే మనిషి, ఒకే మెషిన్, ఒకే స్ట్రింగ్ ఉంటేనే ఒక పౌండు పెంచామన్న మాటకు అర్థం ఉంటుంది. అడ్డ స్ట్రింగులు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ వేయడం మంచి పద్ధతే. నిలువు స్ట్రింగుల మధ్యలోంచి అల్లేటప్పుడు రాపిడికి వాటి లాగుడు కొంత పోతుంది, ఫ్రేమ్ ఆకారం కూడా సరిగ్గా నిలబడుతుంది. మీ మనిషికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, ఎలా వేస్తాడో అడిగి తెలుసుకోండి చాలు.

రాకెట్ కోన్ (పిడి పైన షాఫ్ట్ మొదలయ్యే చోటి తొడుగు) మీదో షాఫ్ట్ మీదో ఎన్ని పౌండ్ల దాకా వేయవచ్చో ముద్రించి ఉంటుంది, 20 నుంచి 28 అన్నట్టుగా. అది ఫ్రేమ్ తట్టుకునే పరిధి. అంత వేయించుకోమన్న సలహా కాదు. దాన్ని దాటితే వారంటీ పోతుంది, డబుల్స్‌లో రాకెట్లు గుద్దుకుని గీతలు పడ్డ ఫ్రేమ్ అయితే గట్టింగ్ చేస్తుండగానే విరగవచ్చు. ఇంకో సంగతి, స్ట్రింగ్ ఒక్కటి తెగినా రాకెట్‌ను అలాగే సంచిలో పడేయకండి. లాగుడు ఒక పక్క పోయి ఇంకో పక్క ఉండిపోతుంది, ఫ్రేమ్ వంకరపోతుంది. ఆ రోజే కత్తెరతో మధ్యలోంచి మొదలుపెట్టి, ఒక నిలువు ఒక అడ్డం చొప్పున బయటికి అన్నీ కోసేయండి. మీ 28 తీసేటప్పుడూ అంతే. ఎండలో మూసి ఉంచిన కారులో రాకెట్ వదిలేయడం కూడా వద్దు, వేడికి స్ట్రింగ్ త్వరగా సాగిపోతుంది.

నొప్పి పోయాక కోర్టుకు తిరిగి వచ్చినప్పుడు చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాను. డబుల్స్ వెనక సర్వీస్ గీతకూ చివరి గీతకూ మధ్య 76 సెం.మీ. పట్టీ ఉంది కదా, అదే మన కొలబద్ద. ముందు షటిల్ వేగం సరిచూడండి. నియమాల ప్రకారం చివరి గీత దగ్గర నిలబడి కింద నుంచి పైకి నిండు దెబ్బ కొడితే, సరైన వేగం ఉన్న షటిల్ అవతలి చివరి గీతకు 53 నుంచి 99 సెం.మీ. ముందు పడాలి. చల్లటి వాతావరణంలో గాలి చిక్కగా ఉండి షటిల్ తక్కువ దూరం పోతుంది, ఆ నేరం స్ట్రింగుల మీద వేయకండి. షటిల్ సరిగ్గా ఉంటే రెండు మూడు గేములు ఆడి బాగా అలసిపోయాక, ఎవరినైనా మీ వెనక మూలలకు మార్చి మార్చి ఇరవై షటిళ్లు ఎత్తి కొట్టమనండి. అన్నీ క్లియర్ చేయండి. పన్నెండుకు పైగా ఆ పట్టీలో పడితే ఆ టెన్షన్ మీకు సరిపోయింది. సగం కూడా పడక, అడుగుల తేడాతో ముందే పడుతుంటే ఒక పౌండు తగ్గించాలి. అలసట లేకుండా పొద్దున్నే ఈ పరీక్ష చేస్తే ఫలితం మిమ్మల్ని మోసం చేస్తుంది.

పెంచాల్సిన సమయం కూడా ఇలాగే తెలుస్తుంది. తేలిగ్గా ఊపినా క్లియర్లు చివరి గీత దాటిపోతున్నాయి, డబుల్స్‌లో నెట్ మీదుగా సమాంతరంగా కొట్టే డ్రైవ్‌లు ఎంత అదుపు చేసినా పైకి లేస్తున్నాయి, నెట్ దగ్గర షటిల్ ఎగిరి ఎదుటివాళ్లకు అందుతోంది, అదీ గట్టింగ్ కొత్తగా ఉన్నప్పుడే. అప్పుడు ఒక పౌండు పెంచండి. ఒక్కటే. ఆ గట్టింగ్ పూర్తి కాలం ఆడాకే ఇంకోటి. 24 నుంచి 28కి వెళ్లడానికి ఆ లెక్కన ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో మీ ఊపు మెరుగుపడితే 28 అవసరం వస్తుంది, లేకపోతే 25 దగ్గరే హాయిగా ఆగిపోతారు. నేను 29 చూసి వచ్చి ఇప్పుడు 25తో ఆడుతున్నాను, నా ఆట తగ్గలేదు, మోచేయి మళ్లీ నొప్పెట్టలేదు.

కాబట్టి గట్టింగ్ మనిషికి ఇలా చెప్పండి: నిలువు 24, అడ్డం 25, 0.68 స్ట్రింగ్, అరిగిన గ్రామెట్లు (ఫ్రేమ్ రంధ్రాల్లోని ప్లాస్టిక్ గొట్టాలు) ఉంటే మార్చమనండి. వేయించిన తేదీ, టెన్షన్ చిన్న టేపు ముక్క మీద రాసి కోన్ మీద అంటించుకోండి. మోచేయి సంగతి రెండు వారాల తర్వాత ఇక్కడే రాయండి. నొప్పి పోయి మళ్లీ ఆడటం మొదలుపెట్టాక ఇరవై షటిళ్ల పరీక్షలో ఎన్ని పట్టీలో పడ్డాయో కూడా చెబితే, 24లోనే ఉండాలా 23కి దిగాలా అన్నది చూద్దాం.